గుండు గెలిస్తే గుండు

మా ఇంట్లో స్నూకరు మొదలుపెట్టింది మా అబ్బాయే. అప్పటికి వాడికి పది నెలలు. పళ్ళు వచ్చే రోజులు కావడంతో చేతికి దొరికినదాన్నల్లా నమిలేవాడు. ఒక మధ్యాహ్నం టీవీ రిమోటు దొరికింది. అత్తయ్య చూస్తున్న సీరియల్లో అత్తగారి చెయ్యి కోడలి చెంప దాకా వచ్చి ఉంది. అది పడేలోపే బొమ్మ మారిపోయింది. తెరంతా పచ్చటి బల్ల, దాని మీద ఎర్రబంతులు, పక్కన నల్ల వెయిస్టుకోటు వేసుకుని, పొడుగాటి కర్ర పట్టుకుని ఆలోచిస్తున్న ఒక తెల్లాయన.

“ఓలమ్మా, దెబ్బ పడిందో లేదో సూడనివ్వవేటిరా!” అంటూ అత్తయ్య రిమోటు లాక్కోబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వాడి కళ్ళు మూతలు పడుతున్నాయి.

మా వాడు మధ్యాహ్నం నిద్రపోవడమంటే అది మామూలు సంగతి కాదు. చీపురుపల్లిలో ఏప్రిల్ నెల. గచ్చు మీద నీళ్ళు చల్లి, తలుపులు మూసి, ఫ్యాను పెద్దది చేసి, ఉయ్యాల ఊపి ఊపి నా భుజం పడిపోయేది. తీరా వాడు కన్ను మూస్తే, సీరియల్లో ఎవరో తలుపు తీసేవారు. తలుపు తీసినందుకే డప్పులు వాయించేవారు. ఆ మోతకి ఉలిక్కిపడి లేచేవాడు. వాడు నిద్రపోకపోతే నాకు భయం. నిద్రపోతే ఇంకా భయం. ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వేలు తగిలి లేచేవాడు. డిగ్రీలో నేను చదివింది జువాలజీ. కప్పని పలక మీద పరిచి, దాని గుండె కొట్టుకోవడం చూసి, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ చదువు నా కొడుకు దగ్గర ఎందుకూ పనికిరాలేదు.

స్నూకరు మాత్రం పనికొచ్చింది. అందులో వ్యాఖ్యానం చెప్పే ఇద్దరు పెద్దమనుషులు పక్కగదిలో రోగి ఉన్నట్టు గుసగుసగా మాట్లాడతారు. చాలాసేపు అసలు మాట్లాడరు. ఒక ‘టక్’ వినిపిస్తుంది. బంతి బల్ల అంచున కన్నంలో పడితే తాటాకు మీద నాలుగు చినుకులు పడ్డట్టు చప్పట్లు. మళ్ళీ నిశ్శబ్దం. ఆ రోజు మా వాడు రిమోటు నోట్లో పెట్టుకునే రెండు గంటలు పడుకున్నాడు.

అత్తయ్యకి మనవడి నిద్ర ముందు సీరియలు ఎంత! మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాలవగానే తనే స్నూకరు పెట్టేది. అది ఎక్కడో ఇంగ్లండులో జరుగుతున్న పెద్ద ఛాంపియన్‌షిప్పనీ, ఆడేవాళ్ళందరికీ అదే వృత్తనీ, పోటీ రెండు వారాలకి పైగా సాగుతుందనీ మా తమ్ముడు చెప్పాడు. వాడు విజయనగరంలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేసేవాడు. సాయంత్రాలు బస్సు కాంప్లెక్సు దగ్గర ఒక మేడ మీద స్నూకరు ఆడేవాడు. ఆ సంగతి మా అమ్మకి తెలియకుండా చాలాకాలం దాచాను. అలాంటి వాణ్ణి అత్తయ్య ఆదివారం పిలిపించి, కోడి కూర పెట్టి, ఆట నేర్పమంది.

“ముందు ఎర్రది కొట్టాలత్తా. తర్వాత రంగుది. మళ్ళీ ఎర్రది, మళ్ళీ రంగుది.”

“మరి రంగుది కన్నంలో పడినాక ఆ తెల్ల గ్లౌజులాయన తీసి మళ్ళీ బల్లమీద పెడతన్నాడేటి?”

“ఆయన రిఫరీ అత్తా. ఎర్రవి అయిపోయిందాకా రంగువి తీసి పెట్టాల.”

“పడీసినోడు ఒకడు, సర్దినోడు ఒకడు. మనింట్లో నీ మేనల్లుడు పడీడం, నాను సర్దడం. ఇందులో నేర్సుకోడానికేటున్నాదిరా?” అంది అత్తయ్య.

ఆవిడకి ఇంకో విషయం మొదటిరోజే అర్థమైపోయింది. ఒకడు ఆడుతున్నంతసేపూ రెండోవాడు కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతూ ఉంటాడు. ఆడేవాడు తప్పు చేస్తేనే రెండోవాడు లేవాలి. “ఇది అత్తాకోడళ్ళ ఆటే అమ్మీ. నువ్వు వంట సేస్తన్నంతసేపూ నాను కూకుంతాను. నువ్వు మాడ్సీగానే నాను లెగుత్తాను.” ఆ మాట అన్నప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. పప్పు మాడుతోంది. ఆవిడ లేచింది.

నాకు మాత్రం ఆ ఆటలో రిఫరీ ఒక్కడే నచ్చాడు. తెల్లటి గ్లౌజులు. బంతిని ముట్టుకుంటే గాజుగిన్నెని ముట్టుకున్నట్టు ముట్టుకుంటాడు. తుడుస్తాడు. వెలుగులో చూస్తాడు. ఇంకోసారి తుడుస్తాడు. పాలసీసాలు మరగబెట్టి, మరగబెట్టిన గిన్నెని మళ్ళీ మరగబెట్టే నాకు, ప్రపంచంలో నాలాంటి మనిషి ఇంకొకడు ఉన్నాడని ఆ వేసవిలోనే తెలిసింది. వీధిలో వాళ్ళెవరైనా వచ్చి చేతులు కడుక్కోకుండా మా వాడి బుగ్గ గిల్లినప్పుడల్లా ఆయనే గుర్తొచ్చేవాడు.

అలా నాలుగైదు రోజులు గడిచాక గుండాయన వచ్చాడు.

నున్నటి గుండు. పైనున్న దీపాలన్నీ అందులో కనిపిస్తున్నాయి. అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఓలమ్మ, పాపం, ఎవులు పోయారో!”

“ఎక్కడత్తయ్యా?”

“ఆడి ఇంట్లో. సూడు, గుండు సేయించుకున్నాడు. నల్ల గుడ్డలేసుకున్నాడు. తండ్రి పోయాడు గావాల. దినాలైనా అవ్వకుండా ఆటకి ఒచ్చీసాడు. కడుపుకూడు కదా మరి.”

ఆవిడ పుట్టింటివైపూ మెట్టినింటివైపూ బట్టతల అన్నదే లేదు. మావయ్యకి అరవై దాటినా దువ్వెన దిగదు. మా వైపు మగాడు నున్నగా గుండుతో కనిపించాడంటే ఆవిడకి తెలిసిన కారణాలు రెండే. ఇంట్లో ఎవరైనా పోవాలి, లేకపోతే మొక్కు తీర్చుకుని రావాలి. ఇంతలో ఆయన ఒక బంతి వేసి, జనంలో ఎవరినో చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. చావింట్లో ఎవరూ అలా నవ్వరు. కాబట్టి మొదటి కారణం పోయింది.

“మొక్కే!” అని తొడ మీద కొట్టుకుంది అత్తయ్య. “పోటీ ముందు తలనీలాలిచ్చి ఒచ్చాడు. బుద్ధిమంతుడు.”

“అది వాళ్ళ ఫ్యాషన్ అత్తయ్యా. లేకపోతే జుట్టు ఊడిపోయి ఉంటుంది.”

“జుట్టుంటే ఫేసను గాని, గుండు ఫేసనేటే? నువ్వు సదువుకున్నావని నాకేటి సెప్తే అది నమ్ముతాననుకుంతన్నావా?” అంది. అప్పుడే గుండాయన జేబులోంచి నీలం సుద్దముక్క తీసి కర్ర మొనకి రాశాడు. వాళ్ళందరూ రాస్తారు, కర్ర జారకుండా. “అదిగో, కర్రకి బొట్టు కూడా ఎడతన్నాడు!”

“నీలం బొట్టా?”

“ఆళ్ళ దేశంలో కుంకం దొరకదు గావాల.” తర్వాత ఆయన దెబ్బ కొట్టడానికి బల్ల మీదకి వంగాడు, గడ్డం కర్రకి ఆనించి. ఆవిడ నా వైపు చూసింది. ఇంక చెప్పాల్సిందేమీ లేదన్నట్టు. దణ్ణం కూడా పెట్టుకున్నాడు కదా.

ఇంతవరకూ అయితే నేనూ నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ ఇంట్లో గుండు అన్న మాట రావడమే నాకు ప్రమాదం.

సంగతేమిటంటే, మా వాడు పుట్టినప్పుడే అత్తయ్య వాడి పుట్టువెంట్రుకలు శ్రీముఖలింగంలో ముఖలింగేశ్వరుడికి ఇస్తానని మొక్కుకుంది. ఏడాదిలోపు తీయించాలంటే బేసి నెలలోనే తీయించాలి. ఏడో నెలలో నేను జలుబు అన్నాను. తొమ్మిదో నెలలో విరేచనాలు అన్నాను. ఇక మిగిలింది పదకొండో నెల. అది దాటితే మళ్ళీ మూడో ఏడు దాకా ఆగాలి. నేను ఆగాలనే చూస్తున్నాను. ఎందుకంటే వాడి మాడు ఇంకా పూడలేదు. నడినెత్తిన ఎముక లేని ఆ మెత్తటి చోటు, వాడు పడుకున్నప్పుడు పైకీ కిందకీ కొట్టుకుంటూ ఉండేది, అచ్చం ఆ కప్ప గుండెలాగే. ఉయ్యాల పక్కన కూర్చుని దాన్ని చూస్తుండేదాన్ని. దాని మీద ఎవరో మనిషి కత్తి పెట్టడం, వాడు తల విదిలించడం, అంతే, అక్కడితో నాకు చెమటలు పట్టేవి. అత్తయ్య రోజూ ఆ మాడు మీద ఆముదం పెట్టి అరచేత్తో తట్టేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని.

అత్తయ్య బలవంతం చేసే మనిషి కాదు. “తల్లివి నువ్వు. నీ ఇష్టం,” అనేది. అని, అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కునేది. మా ఆయనని అడిగితే, “నాకు రైలు టైమైపోయింది,” అనేవాడు. విజయనగరంలో ఉద్యోగానికి ఆయన పొద్దున్నే రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేవాడు. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా, ఆదివారమైనా సరే, ఆయనకి రైలు టైమయ్యేది.

గుండాయన ఒక్కొక్కరినీ ఓడించుకుంటూ వచ్చాడు. అత్తయ్యకి ఆశ్చర్యం లేదు. ఓడినవాళ్ళందరికీ జుట్టుంది. ఫైనలుకి చేరాడు. అవతలివాడు మెడ మీద దాకా జుట్టు పెంచుకున్న కుర్రాడు, వంగినప్పుడల్లా కళ్ళమీద పడిన జుట్టుని ఊదుకుంటాడు. అత్తయ్య వాణ్ణి ఎగాదిగా చూసి, “ఈడు మొక్కు ఎగ్గొట్టినోడు,” అని తేల్చేసింది. ఆ తర్వాత తమలపాకు నమలడం ఆపి, నా వైపు తిరిగింది.

“అమ్మీ, ఒక మాట. ఈ గుండోడు గెలిస్తే గుంటడికి గుండు. ఈ నెల్లోనే. ఓడిపోయాడనుకో, మూడో ఏడు దాకా నానా మాటెత్తితే ఒట్టు.”

నేను వంటింట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేశాను. “గుండాయన గెలుస్తాడేటిరా?”

“ఛాన్సే లేదక్కా. ఆ జుట్టోడు మెషీను. గుండాయన ఫైనల్‌కి రావడమే ఎక్కువ. ఎందుకూ, ఏటైనా పందెం కాసేవేటి?”

“కాయబోతున్నాను,” అని ఫోన్ పెట్టేసి, హాల్లోకి వచ్చి, “సరే అత్తయ్యా,” అన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. కొడుకు పుట్టాక అలా పడుకోవడం అదే మొదటిసారి.

ఫైనలు రెండు రోజుల ఆట. మొదటిరోజు గుండాయన బాగా వెనకబడ్డాడు. జుట్టాయన బంతిని ముట్టుకుంటే చాలు, అది కన్నం వెతుక్కుంటూ వెళ్ళిపోయేది. నాకు వాడి జుట్టు మీద అభిమానం పుట్టింది. ఏ నూనె రాస్తాడోనని కూడా ఆలోచించాను. అత్తయ్య టీవీ ముందు ఉప్పూ మిరపకాయలూ తిప్పి గుండాయనకి దిష్టి తీసింది. “అందరి కళ్ళూ ఆడి గుండు మీదే,” అంది. మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటుకి మేమందరం దగ్గాం. మా వాడు లేచాడు. గుండాయన వెంటనే ఒక బంతి వేశాడు. అత్తయ్య నా వైపు చూడనైనా చూడలేదు, అంత గర్వంగా ఉంది.

రెండోరోజు చివరి ఆట మనకి అర్ధరాత్రి వేళకి పడుతుంది. దాన్ని మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు, మాకు అదే దిక్కు. “ఎవులూ ఫోన్లు సూడ్డానికి లేదు. నీ తమ్ముడికి కూడా సెప్పు,” అని అత్తయ్య ముందే హుకుం జారీ చేసింది. నేను తమ్ముడికి పందెం సంగతంతా చెప్పి, ఎవరు గెలిచారో మాత్రం చెప్పొద్దన్నాను. మర్నాడు పొద్దున్న సీసాలు మరగబెడుతుంటే వాడు ఫోన్ చేశాడు.

“అక్కా, నాను సెప్పకూడదని తెలుసు. సెప్పను. నా ఒళ్ళో కూకోబెట్టడానికి గుంటడికి కొత్త సొక్కా కొను.”

పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. నా చేతిలోంచి పట్టకారు జారి గిన్నెలో పడింది. “గెలిచాడా?”

“నాను సెప్పలేదు. నువ్వే అన్నావు. అక్కా, ఏం ఆటనుకున్నావు! అంత వెనకబడినోడు ఎగబడి ఎగబడి...” నేను ఫోన్ కట్ చేసేశాను.

ఆ మధ్యాహ్నం అత్తయ్య పరవాన్నం వండింది. దేవుడి దగ్గర దీపం పెట్టింది. టీవీ పెట్టి, మా వాణ్ణి ఉయ్యాల్లో వేసి, కొంగు బిగించి కూర్చుంది. నేను పక్కనే కూర్చున్నాను, పరీక్ష తప్పిన సంగతి ముందే తెలిసి ఫలితాల కోసం నిలబడ్డదానిలా. మా వాడు ఎప్పటిలాగే గుసగుసలు వినపడగానే నిద్రపోయాడు. మాడు పైకీ కిందకీ కొట్టుకుంటోంది. ఈ నెల్లోనే, అనుకున్నాను.

ఆట మొదలైంది. గుండాయన ఇంకా వెనకబడే ఉన్నాడు. సులువైన బంతి ఒకటి కన్నం అంచు మీద ఊగి ఆగిపోయింది. “పడు, పడు, పడు తల్లీ,” అని అత్తయ్య గుసగుసగా బతిమాలింది, మనవడు లేవకుండా. అది పడలేదు. జుట్టాయన లేచాడు. ఎర్రది, నల్లది, ఎర్రది, నల్లది. గుండాయన కుర్చీలో కూర్చుని నీళ్ళ గ్లాసు వైపు చూస్తున్నాడు, తాగడం కూడా లేదు. తెర మీద ఆయన మొహం దగ్గరగా చూపించారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఆ వేసవిలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయింది. అత్తయ్య నల్లబడ్డ తెరనే చూస్తూ కూర్చుంది. తర్వాత కొంగు విప్పుకుంది.

“అయిపోనాది,” అంది. “ఇంక ఆడు లెగడు. నువ్వే నెగ్గావు అమ్మీ. మూడో ఏడే సేద్దాం. నానాడిన మాట తప్పను.”

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. నిజం చెప్పాలంటే రానివ్వలేదు. ఇంకేం కావాలి నాకు? నేను అబద్ధం చెప్పలేదు. ఆవిడ నన్ను అడగనూ లేదు. కూర్చున్నాను, అంతే, కుర్చీలో కూర్చున్న ఆటగాడిలా. బల్ల దగ్గరున్న మనిషే తప్పుచేసి నాకు అవకాశం ఇచ్చింది. మూడో ఏటికి ఎముక పూడుతుంది. తమ్ముడికి ఒక ఫోన్ చేసి నోరు నొక్కితే సరి. విసనకర్ర తీసుకుని మా వాడికి విసురుతూ, లోపల లెక్కలన్నీ వేసుకున్నాను.

అత్తయ్య లేచి పరవాన్నం గిన్నె మీద మూత పెట్టింది. “నాకొద్దు. నువ్వు తినీ.” గడప దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

“ఆడికి అమ్మ ఉండుంటాది కదా,” అంది.

“ఎవరికత్తయ్యా?”

“గుండోడికి. ఇంటికాడ కూకుని టీవీలో సూస్తా ఉంటాది. జుట్టు కూడా ఇచ్చాడు. ఇంకేటి ఇస్తాడు? దేవుడికి ఆడు కనపళ్ళేదు గావాల. ఆ తల్లికి ఎలగుంటాదో.” కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మా అత్తయ్య ఏడవగా నేను చూసింది తక్కువ. గోగు పంట మొత్తం వానకి పోయినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఇంగ్లండులో ఎక్కడో ఉన్న, ఉందో లేదో కూడా తెలియని ఒక ముసలమ్మ కోసం ఏడుస్తోంది. నేను విసనకర్ర ఆపేశాను. కొడుకు గురించి ఊరికే హడలిపోయే తల్లులంటే నాకు మొదటినుంచీ బలహీనత.

“గెలిచాడత్తయ్యా!” అన్నాను.

“ఏటి?”

“గుండాయన గెలిచాడు. రాత్రే గెలిచేశాడు. పొద్దున్న తమ్ముడు చెప్పాడు.”

ఆవిడ గడపలోంచి నా వైపు చూసింది. ముందు మొహం విచ్చుకుంది. వెంటనే ముడుచుకుంది. “పొద్దున్నే తెలుసా నీకు?”

“తెలుసు.”

“అయితే నాను దీపం ఎట్టినప్పుడు తెలుసు. పరవాన్నం వండినప్పుడు తెలుసు. పడు తల్లీ పడు అని ఆ బంతి కాళ్ళట్టుకుంతన్నప్పుడు తెలుసు!”

“తెలుసత్తయ్యా.”

“ఒసే, ఎంత గట్టిదానివే! నాను ఏడస్తా ఉంటే విసనకర్ర ఇసురుకుంటా కూకున్నావే!” అని, ఆ విసనకర్రే లాక్కుని నా వీపు మీద ఒక్కటేసింది. తర్వాత అక్కడే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులకి మా వాడు లేచి కెవ్వుమన్నాడు. వాణ్ణి ఎత్తుకుని ఆవిడ గదంతా తిరిగింది, “గుండోడు గెలిసాడ్రా నాయనా, గుండోడు గెలిసాడు,” అంటూ.

కానీ లోపలెక్కడో అనుమానం ఉన్నట్టుంది. “కళ్ళతో సూసిందాకా నాను నమ్మను,” అని మళ్ళీ టీవీ ముందు కూర్చుంది, కరెంటు లేని టీవీ ముందు. పరవాన్నం అక్కడే తిన్నాం. పొద్దువాలే వేళకి, రెండోసారి వడ్డించుకుంటుండగా ఫ్యాను కదిలింది. తెర వెలిగింది. గుండాయన వెండి కప్పు రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉన్నాడు. రంగుకాగితం ముక్కలు పైనుంచి రాలుతూ, ఒకటి ఆయన గుండుకి అతుక్కుని ఉంది. పక్కన నిజంగానే ఒక పెద్దావిడ ఉంది. తల్లో, అత్తగారో, మాకెవరు చెప్తారు. “అదిగో ఆళ్ళమ్మ,” అంది అత్తయ్య. నేను కాదనలేదు.

ఆ వారంలోనే శ్రీముఖలింగం వెళ్ళాం. జీపు మాట్లాడుకుని, శ్రీకాకుళం మీదుగా. నేను ఒక సంచీ నిండా సామాను తెచ్చాను. మరగబెట్టిన నీళ్ళు, దూది, డెట్టాలు, కొత్త బ్లేళ్ళు, మందుల షాపులో కొన్న తెల్ల గ్లౌజులు. వంశధార ఇసుకలో పాయ సన్నగా పారుతోంది. గట్టుమీద నీడలో గుండ్లు చేసే ఆయన కూర్చుని ఉన్నాడు. అతనికి గ్లౌజులు ఇచ్చాను. అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏటమ్మా ఇవి? గుంటడికి ఆపరేసనా?”

“తొడుక్కో బాబూ. ఆవిడంతే,” అంది అత్తయ్య. “బల్లాటాయన లాగ ఉండాల నువ్వు.”

ఏ బల్లాటో అడగకుండానే తొడుక్కున్నాడు. తడిచేత్తో కత్తి పట్టుకుంటే గ్లౌజులోంచి సర్రున జారి ఇసకలో పడింది. నేను కెవ్వుమన్నాను. నా కేకకి, అప్పటిదాకా తమ్ముడి ఒళ్ళో చక్కగా కూర్చున్న మా వాడు ఏడుపు అందుకున్నాడు. గ్లౌజులు తీసి నా సంచీలో పడేసి, చేతులు కడుక్కుని, కొత్త బ్లేడు వేసుకుని అతను మళ్ళీ కూర్చున్నాడు. ఇప్పుడు వాడు తల అటూ ఇటూ గింజుకుంటున్నాడు. నేను ఊహించుకున్నదంతా, ఉన్నదున్నట్టు, నా కళ్ళముందు జరుగుతోంది. గిలక్కాయ ఆడించాం. కాకిని చూపించాం. మా ఆయన కోతిలా గెంతాడు కూడా. ఆ రోజు ఆయనకి రైలు లేదు.

“తల కదిపితే నాను కత్తెట్టనమ్మా,” అన్నాడు అతను. మంచిమాట. అయితే వెళ్ళిపోదాం అనబోయాను.

అప్పుడు అత్తయ్య ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, మా వాడి చెవి దగ్గర నోరు పెట్టింది. గుసగుసగా మొదలుపెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ అన్ని మధ్యాహ్నాలు ఆ పెద్దమనుషుల మాటలు విని ఉంది. ఆ తీరు అచ్చంగా వచ్చేసింది. తగ్గి తగ్గి, ఆగి ఆగి, ముక్కులోంచి “వెల్... హ్మ్... అండర్బర్ల... గుడిష్షాట్... వెల్...” మధ్యలో నాలుకతో ‘టక్’. కొంచెంసేపు ఏమీ అనకుండా ఆగడం. ఆ తర్వాత రెండు వేళ్ళతో అరచేతి మీద చినుకుల్లాంటి చప్పట్లు.

మా వాడు ఏడుపు ఆపాడు. వెక్కాడు. మళ్ళీ వెక్కాడు. కళ్ళు మూతలు పడడం మొదలైంది. తమ్ముడు వాడి ముందు జుట్టు ఒక్క కత్తెర కత్తిరించాడు. కత్తి నెత్తి మీదకి వచ్చింది. నేను వాడి పాదం పట్టుకుని, ఈసారి కళ్ళు మూసుకోకుండా చూశాను. మాడు దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి నెమ్మదించింది. అత్తయ్య గొంతు కూడా నెమ్మదించింది. ఆ గట్టుమీద గుండ్లకి వచ్చినవాళ్ళు, గుండ్లయినవాళ్ళు, కొబ్బరికాయలమ్మే ఆవిడ, అందరూ మాటలు మానేసి మావైపే చూస్తున్నారు. ‘టక్,’ అంది అత్తయ్య. కత్తి మాడు దాటింది.

అయిపోయాక అతను కత్తి కడుక్కుంటూ అడిగాడు. “ఆ మంత్రమేటమ్మా? ఎక్కడా ఇన్లేదు.”

“ఇంగ్లండుది,” అంది అత్తయ్య, మోకాళ్ళకి ఇసక దులుపుకుంటూ.

వాడి గుండుకి చందనం రాశాం. ఎండలో అది మెరిసిపోయింది. నేను అరచెయ్యి దాని మీద పెట్టాను. మధ్యలో మెత్తగా, వెచ్చగా, ఎప్పటిలాగే కొట్టుకుంటోంది. కత్తికి ఆ సంగతే తెలియనట్టుంది.

ఇప్పుడు వాడికి అయిదేళ్ళు. జుట్టు మావయ్య జుట్టులాగే దువ్వెన దిగనివ్వదు. ఇది రాస్తున్న మంచం మీదే నా పక్కన పడుకుని ఉన్నాడు. మధ్యలో ఒకసారి రాయడం ఆపి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఆడుతోంది.

ఆ రోజు తిరిగి వస్తుంటే, జీపు నరసన్నపేట దాటాక, ఒళ్ళో గుండుతో నిద్రపోతున్న మనవణ్ణి సర్దుకుంటూ అత్తయ్య మా తమ్ముడి భుజం తట్టింది.

“ఒరే, ఆ జుట్టోడికి ఫోన్లో కబురెట్టడానికి అవుతాదేటి?”

“ఎందుకత్తా?”

“పాపం, బాగా ఆడతాడు. ఒచ్చే ఏడు పోటీ ముందు బేగి జుట్టిచ్చీమను. దూరమైతే ఇంత దూరం రానక్కర్లేదు, ఆళ్ళ దేవుడికే ఇచ్చీమను. మంచి గుంటడు. ఆడికీ ఒక తల్లుంటాది కదా.”